ఊదితే తిరగాలి: ఇంట్లో చిన్న ఆవిరి ఇంజిన్ చేసుకోవడం ఎలా

తిరునాళ్లలో అమ్మే రేకు పడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. లోపల చిన్న దీపం వెలిగించి నీళ్ల తొట్టిలో వదిలితే టకటకమంటూ తిరిగేది. నాకు ఆవిరి పిచ్చి పట్టుకుంది అక్కడే. ఇప్పుడు చెప్పబోయే ఇంజిన్ దానికి రెండు మెట్లు పైది. సిలిండర్‌లో కదిలే పిస్టన్, ఆ కదలికని తిప్పుడుగా మార్చే క్రాంక్, బరువైన ఫ్లైవీల్ చక్రం అన్నీ ఉంటాయి, అరచేతిలో నిలబడుతుంది. పని బాగా కుదిరితే నోటితో ఊదినా తిరుగుతుంది. ఆ ఊదుడు పరీక్ష నెగ్గేదాకా నిప్పు జోలికి పోవద్దు.

మొదటిసారి చేసేవాళ్లకి సిలిండర్ ఊగే రకమే సరైనది. మామూలు ఆవిరి ఇంజిన్‌లో ఆవిరిని లోపలికి పంపి బయటికి వదలడానికి విడిగా ఒక వాల్వు, దాన్ని నడిపే ఎక్సెంట్రిక్కు, వాటి రాడ్లు కావాలి. ఇందులో అవేమీ లేవు. సిలిండర్ ఒక పిన్ను మీద లోలకంలా ఊగుతుంది. దాని వీపున ఒక బెజ్జం, వెనకున్న స్టాండ్‌కి రెండు బెజ్జాలు. సిలిండర్ ఒక పక్కకి వాలినప్పుడు దాని బెజ్జం ఆవిరి వచ్చే బెజ్జానికి ఎదురుగా వస్తుంది, రెండో పక్కకి వాలినప్పుడు ఆవిరి బయటికి పోయే బెజ్జానికి. వాల్వు పని సిలిండరే చేసుకుంటుందన్నమాట. సిలిండర్ ఊగడమేంటి, బొమ్మల పద్ధతేగా అని తీసిపారేయకండి. 1858లో నీళ్లలోకి దిగిన గ్రేట్ ఈస్టర్న్ ఓడలో పక్క చక్రాలను తిప్పింది ఇలా ఊగే సిలిండర్లే, ఒక్కోదాని బోరు 74 అంగుళాలు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో డీస్‌బార్ అనే పర్యాటక పడవలో 1841 నాటి ఊగే ఇంజిన్ ఉంది.

ముందు కొలతలు. ఇవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవి, కాబట్టి ఒకటి మారిస్తే మిగతావి మళ్లీ లెక్కేసుకోవాలి.

సిలిండర్ బోరు, అంటే లోపలి వ్యాసం, 12 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టన్ ప్రయాణం, 20 మి.మీ. అంటే క్రాంక్ పిన్ను షాఫ్టు మధ్య నుంచి 10 మి.మీ. దూరంలో ఉంటుంది.
క్రాంక్ షాఫ్టు మధ్య నుంచి సిలిండర్ ఊగే పిన్ను మధ్యకి 50 మి.మీ.
ఆ పిన్ను నుంచి పైకి 16 మి.మీ. దూరంలో బెజ్జాలు. మూడూ 2.5 మి.మీ. బిట్టుతోనే.
క్రాంక్ పిన్ను మధ్య నుంచి పిస్టన్ తల వరకు మొత్తం పొడవు 54 మి.మీ.

సామాను: 20 మి.మీ. చదరపు ఇత్తడి కడ్డీ ముక్క, స్టాండ్‌కి 40 x 10 ఇత్తడి పట్టీ 110 మి.మీ. పొడవు, 6 మి.మీ., 4 మి.మీ. స్టీలు చువ్వలు, పిస్టన్‌కి గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన లోహం) ముక్క, ఫ్లైవీల్‌కి 60 మి.మీ. ఇనుప రౌండు. సికింద్రాబాద్‌లో ఉంటే రాణీగంజ్ ఒక చుట్టు చుడితే చాలావరకు దొరుకుతాయి. ఇత్తడి తూకానికి అమ్ముతారు, తుక్కు పెట్టెలో ముక్కలు ఏరుకుంటే ఇంకా చవక. ఇంట్లో లేత్ మిషన్ లేకపోయినా పర్వాలేదు. బోరు, పిస్టన్, ఫ్లైవీల్ ఈ మూడు పనులూ విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఏ లేత్ షాపులోనైనా చేసిస్తారు. బొమ్మ గీసి, కొలతలన్నీ మి.మీ.లో రాసి ఇవ్వండి. నోటిమాటగా చెబితే టర్నర్ అన్న సూతుల్లోకి వెళ్లిపోతాడు. ఒక సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3 మి.మీ. పైచిలుకు. మన ఇంజిన్‌కి అది మహా సముద్రం. డ్రిల్లు మాత్రం చేతిలో పట్టుకునేది కాకుండా స్టాండు మీద నిలువుగా దిగేది కావాలి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

సిలిండర్

ఇత్తడి చదరాన్ని 38 మి.మీ. పొడవుకి కోసి రెండు చివరలూ మూలమట్టానికి తీయించండి. బోరు సరిగ్గా మధ్యలో వద్దు. లేత్‌లో ముక్కని పట్టుకునే నాలుగు దవడల చక్‌లో 1.5 మి.మీ. పక్కకి జరిపి వేయించండి. అప్పుడు ఒక గోడ 5.5 మి.మీ. మందం ఉంటుంది, ఎదుటిది 2.5. మందంగా ఉన్న గోడలోనే ఊగే పిన్ను దిగుతుంది. మధ్యలో వేస్తే గోడ 4 మి.మీ.యే మిగులుతుంది, పిన్ను మర బోరులోకి పొడుచుకొచ్చి పిస్టన్‌ని గీకుతుంది. బోరును 11.8 బిట్టుతో తీసి, బెజ్జాన్ని నున్నగా, కచ్చితమైన కొలతకి తెచ్చే 12 రీమర్ పోనివ్వాలి. రీమర్‌ని వెనక్కి తిప్పకూడదు, ముందుకు తిప్పుతూనే బయటికి లాగాలి. వెనక్కి తిప్పితే రజను ఇరుక్కుని బోరు నిలువునా గీతలు పడతాయి.

మందం గోడ బయటి ముఖం మీద, సరిగ్గా సగం ఎత్తులో, అంటే 19 మి.మీ. దగ్గర, పిన్నుకి 3.3 బిట్టుతో బెజ్జం వేసి ఎం4 ట్యాప్ (4 మి.మీ. మర కోసే పనిముట్టు) పోనివ్వండి. బెజ్జం లోతు బిట్టు మొనతో కలిపి 5 మి.మీ. దాటకూడదు. బిట్టుకి ఇన్సులేషన్ టేపు చుట్టుకుంటే లోతు గుర్తు ఉంటుంది. దానికి 16 మి.మీ. పైన 2.5 బెజ్జం. ఇది మాత్రం బోరులోకి పూర్తిగా దిగాలి. పైకొసకి 4 మి.మీ. మందం మూత పెట్టి మూలల్లో నాలుగు ఎం3 స్క్రూలు బిగించండి, అంచు నుంచి 3 మి.మీ. లోపలికి.

ఇప్పుడు కాసేపట్లో చెబుతానన్న మాట. నా మొదటి ఇంజిన్‌లో ఈ పిన్ను బెజ్జాన్ని చేతి డ్రిల్లుతో వేశాను. కంటికి నిటారుగానే కనిపించింది. తీరా బిగించాక సిలిండర్ స్టాండ్‌కి పైన ఆనుతుంది, కింద వెంట్రుకవాసి ఎడం. గాలి కొడితే ఆ సందులోంచి సుయ్‌మంటూ పోవడమే తప్ప చక్రం కదలదు. వేలితో సిలిండర్‌ని వెనక్కి నొక్కి పట్టుకుంటే మాత్రం బ్రహ్మాండంగా తిరిగేది. మూడు వారాలు స్ప్రింగును తిట్టుకుంటూ నాలుగు స్ప్రింగులు మార్చాను. చివరికి మూలమట్టం పెట్టి చూస్తే పిన్ను వాలి ఉంది. ఈ ఇంజిన్‌లో బలం, ప్రెషర్ అన్నీ తర్వాతి మాట. రెండు చదునైన ముఖాలు, వాటికి నిలువుగా ఒక పిన్ను. ఇవి కుదిరితే ఇంజిన్ కుదిరినట్టే.

ముఖాన్ని చదును చేయడం ఇలా. కిటికీ అద్దం ముక్క బల్ల మీద పెట్టి, దాని మీద 600 నంబరు వాటర్ పేపర్ పరిచి, నాలుగు చుక్కల నూనె వేయండి. పిన్ను ఇంకా బిగించకముందే సిలిండర్ ముఖాన్ని దాని మీద 8 అంకె రాస్తున్నట్టు తిప్పుతూ రుద్దాలి. మధ్యమధ్య సిలిండర్‌ని తిప్పి పట్టుకోండి, లేకపోతే చేతి బరువు ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది. ముందుగా ముఖమంతా మార్కర్ పెన్నుతో నల్లగా పూస్తే ఎక్కడ అరుగుతోందో, ఎక్కడ పల్లం ఉందో తెలిసిపోతుంది. నలుపు మొత్తం పోయాక 1000 నంబరు మీద ఇంకో ఐదు నిమిషాలు. పిన్ను చుట్టూ మధ్యభాగాన్ని ఆకురాయితో పావు మి.మీ. లోతుగా తీసేయండి. పైన బెజ్జం చుట్టూ కొంత చదును, కింద కొంత చదును ఆనితే చాలు. ఆ తర్వాత ఎం4 మర వేసిన 4 మి.మీ. చువ్వను థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) రాసి బిగించి ఒక రాత్రి వదిలేయండి.

స్టాండ్, రెండు బెజ్జాలు

స్టాండ్ కింది అంచు నుంచి 35 మి.మీ. ఎత్తులో క్రాంక్ షాఫ్టు, 85 మి.మీ. ఎత్తులో పిన్ను, రెండూ ఒకే నిలువు గీత మీద. షాఫ్టు బెజ్జంలో 20 మి.మీ. పొడవు గన్‌మెటల్ బుష్ (షాఫ్టు తిరిగే గొట్టం ముక్క) దించితే షాఫ్టు ఊగిసలాడదు. బుష్ పొడవంతా వెనక్కే పోవాలి, ముందువైపు ముఖం కంటే 1 మి.మీ. మించి రాకూడదు.

ఇక అసలు కిటుకు. ఆవిరి బెజ్జాలు ఎక్కడ వేయాలి? పదో తరగతిలో వృత్తానికి బయటి బిందువు నుంచి స్పర్శరేఖలు గీయించారు కదా, దేనికి పనికొస్తుందో అనుకున్నాం. ఇదిగో, దీనికి. స్టాండ్ ముఖానికి మార్కర్ పూసి, షాఫ్టు కేంద్రంగా 10 మి.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీయండి. క్రాంక్ పిన్ను తిరిగే దారి అది. పైనున్న పిన్ను బిందువు నుంచి ఆ వృత్తానికి రెండు స్పర్శరేఖలు గీసి వాటిని పిన్ను దాటించి పైకి పొడిగించండి. సిలిండర్ ఎటు ఎంత వాలినా ఆ గీతలు దాటి పోలేదు. పిన్ను కేంద్రంగా 16 మి.మీ. చాపం గీస్తే, పొడిగించిన గీతల్ని అది రెండు చోట్ల కోస్తుంది. అవే బెజ్జాలు. వెర్నియర్‌తో సరిచూడండి: వాటి మధ్య దూరం 6.4 మి.మీ. రావాలి.

2.5 బిట్టే ఎందుకంటే, సిలిండర్ నిటారుగా ఉన్న క్షణంలో దాని బెజ్జం రెండింటికీ నడుమ ఉంటుంది, ఒక్కోదానికి 3.2 మి.మీ. దూరంలో. బెజ్జాలు 3.2 కంటే పెద్దవైతే ఆ క్షణంలో రెండూ తెరుచుకుని, వచ్చిన ఆవిరి వచ్చినట్టే బయటికి పోతుంది. 2.5 అయితే గీతలో కాస్త తేడా వచ్చినా 0.7 మి.మీ. మిగులు ఉంటుంది. పెద్ద బెజ్జం అయితే పవర్ ఎక్కువ వస్తుందని 3.5 వేసి చెడగొట్టినవాళ్లను చూశాను.

ఈ రెండు బెజ్జాలూ 6 మి.మీ. లోతు చాలు. స్టాండ్ పక్క అంచుల నుంచి అడ్డంగా బెజ్జాలు తెచ్చి వాటిలో కలపండి. అంచు దగ్గర ఎం5 మర వేస్తే గొట్టాలు బిగించుకోవచ్చు. స్టాండ్ ముఖాన్ని కూడా అద్దం మీద అలాగే రుద్దాలి.

పిస్టన్, క్రాంక్, ఫ్లైవీల్

పిస్టన్ 12 మి.మీ. పొడవు. దాని చుట్టూ సన్నటి రెండు గాడులు తీయిస్తే నూనె నిలుస్తుంది. రింగులు అక్కర్లేదు. బోరులో నూనె రాసి పిస్టన్ వదిలితే తన బరువుకే నెమ్మదిగా జారాలి. సిలిండర్ బెజ్జం వేలితో మూసి పిస్టన్‌ని సగం బయటికి లాగి వదిలితే టప్‌మని వెనక్కి పోవాలి. పోకపోతే వదులైందని అర్థం. పిస్టన్ మళ్లీ చేయించుకోండి, ఇక్కడ సర్దుకుపోతే చివరిదాకా సర్దుకుపోతూనే ఉండాలి.

క్రాంక్ డిస్కు 28 మి.మీ. వ్యాసం, 6 మి.మీ. మందం. స్టాండ్ ముఖం నుంచి పిస్టన్ రాడ్ మధ్యకి 11.5 మి.మీ. వస్తుంది. కాబట్టి రాడ్ చివర ముక్క 8 మి.మీ. మందం పెడితే డిస్కుకి తగలకుండా అర మి.మీ. సందుంటుంది. ఫ్లైవీల్ 12 మి.మీ. మందం పెట్టండి, పావు కిలో దాటుతుంది. పిస్టన్ ప్రయాణం రెండు కొసల దగ్గర ఆవిరి తోపు ఉండదు, అక్కడ ఇంజిన్‌ని దాటించేది ఆ బరువే.

అన్నీ కలిపి, ఊగే పిన్నుకి వెనకవైపు స్ప్రింగు, వాషరు, రెండు నట్లు. పిన్ను మీదికి ఎక్కే చిన్న స్ప్రింగు చాలు. సిలిండర్ ముఖాన్ని ఆనించి ఉంచేంత బిగువు చాలు. ఎక్కువ బిగిస్తే రాపిడికే ఇంజిన్ ఆగిపోతుంది. చిన్న సన్న గొట్టం తొడిగి ఊదండి. చక్రాన్ని వేలితో ఒకసారి తోయాలి, ఒంటివైపు పనిచేసే సిలిండర్ కాబట్టి తనంతట తాను మొదలవ్వదు. తిరిగితే సరే. తిరగకపోతే ముఖాల మధ్య నూనె బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడండి, తప్పు అక్కడే ఉంది. ఆ తర్వాత పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి, వాల్వు కొద్దిగా మాత్రమే తెరిచి, ఒక గంటసేపు నూనె వేస్తూ తిప్పనివ్వండి. ముఖాలు ఒకదానికొకటి అలవాటు పడతాయి. గొట్టం అటుది ఇటు మారిస్తే చక్రం వెనక్కి తిరుగుతుంది.

బాయిలర్

ఇక్కడి నుంచి ఆట కాదు. ముందు వద్దన్నవి చెబుతాను. కుక్కర్ వెయిట్ తీసి అక్కడ గొట్టం బిగించే వీడియోలు చూసి ఉంటారు. వెయిట్ తీసేశామంటే ప్రెషర్ పోయే దారి మూసేసినట్టే. డబ్బాలు, పాత గ్యాస్ సిలిండర్లు, మామూలు టంకంతో అతికినవి ఏవీ వద్దు. టంకం మెత్తబడే వేడికీ ఆవిరి వేడికీ మంట దగ్గర పెద్ద దూరం లేదు. మన దేశంలో బాయిలర్ల చట్టం 25 లీటర్ల లోపు వాటి జోలికి రాదు. చట్టం వదిలేసింది కదా అని ఆవిరి కూడా వదిలేస్తుందనుకోవద్దు.

ఏసీ పనివాళ్లు వాడే రెండంగుళాల ఒక సూతు రాగి గొట్టం, అంటే 54 మి.మీ., గోడ 1.5 మి.మీ.కి తగ్గనిది, 100 మి.మీ. ముక్క. రెండు కొసలకీ 3 మి.మీ. రాగి రేకు బిళ్లలు, అంచు మడిచి లోపలికి దించినవి. 1.5 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) ప్రెషర్ దగ్గర ఒక్కో బిళ్ల మీద సుమారు 30 కిలోల తోపు ఉంటుంది. పాతిక కిలోల బియ్యం బస్తా దాని మీద ఎప్పుడూ కూర్చునే ఉందని అనుకోండి. అందుకే వెండి కలిసిన రాడ్లతో బ్రేజింగ్ చేయాలి, అంటే టంకం కంటే చాలా ఎక్కువ వేడి మీద అతకాలి. కాడ్మియం లేని రాడ్లని అడిగి తీసుకోండి, కాడ్మియం పొగ ఊపిరితిత్తులకి విషం. కంసాలివాళ్లు వాడే వెలిగారం కొంతవరకు పనికొస్తుంది, ఆ రాడ్లకి అమ్మే ఫ్లక్స్ (అతుకు పట్టేలా రాసే మందు) ఇంకా నయం. మీకు చేయి తిరక్కపోతే మంచి ఏసీ మెకానిక్‌ని కూర్చోబెట్టుకుని చేయించండి. అతికాక నిమ్మ ఉప్పు నీళ్లలో రాత్రంతా నానబెడితే నలుపంతా పోయి అతుకు చుట్టూ వెండి గీత తెగకుండా ఉందో లేదో కనిపిస్తుంది.

పైన మూడు బుష్‌లు, అంటే లోపల మర ఉన్న ముక్కలు: ఆవిరి గొట్టానికి, సేఫ్టీ వాల్వుకి, నీళ్లు పోసే మూతకి. ప్రెషర్ గేజిని ఆవిరి గొట్టానికే ఒక టీ జాయింట్ వేసి పెట్టుకోవచ్చు. బుష్‌లు గన్‌మెటల్‌వే కావాలి. ఇత్తడివి వేస్తే వేడి నీళ్లలో వాటిలోని జింకు కరిగిపోయి కొన్నేళ్లకి బెండులా తయారవుతాయి. సేఫ్టీ వాల్వు 1.5 బార్ దగ్గర తెరుచుకోవాలి.

వెలిగించేముందు నీటి పరీక్ష. బాయిలర్‌ని చల్లటి నీళ్లతో గాలి బుడగ లేకుండా నింపి, సేఫ్టీ వాల్వు తీసి అక్కడ ప్లగ్గు వేసి, ప్లంబర్లు పైపులైను పరీక్షకి వాడే చేతి పంపుతో 3 బార్ వరకు ఎక్కించి పది నిమిషాలు ఉంచాలి. ముల్లు కదలకూడదు, బిళ్లలు ఉబ్బకూడదు. నీళ్లతోనే ఎందుకంటే, అతుకు విడితే నాలుగు చుక్కలు చిమ్మి ఆగిపోతుంది. గాలితో చేస్తే అదే అతుకు బాంబులా విడిపోతుంది. ఏడాదికోసారి ఈ పరీక్ష మళ్లీ చేయండి, తేదీ ఒక పుస్తకంలో రాసుకోండి.

వెలిగించడం

సేఫ్టీ వాల్వు తిరిగి బిగించారో లేదో ఇంకోసారి చూసుకోండి. బోరుబావి నీళ్లు వద్దు, నాలుగు సార్లకే లోపల తెల్లటి పెళ్ల కడుతుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ వాన నీళ్లు గానీ కొలిచి 130 మి.లీ. పోయండి. దీపానికి డీనేచర్డ్ స్పిరిట్, అది కూడా 25 మి.లీ. మాత్రమే. ఇంత స్పిరిట్‌కి ఆ నీళ్లన్నీ ఆవిరి కావు. దీపమే ముందు ఆరిపోతుంది, ఎండిన బాయిలర్ కింద మంట మండే ప్రమాదం ఉండదు. మధ్యలో దీపంలో స్పిరిట్ కలపొద్దు. ఎండలో దాని మంట కంటికి కనపడదు, ఆరిందనుకుని పోస్తే సీసాకే అంటుకుంటుంది. కర్పూరం చవక కదా అనుకునేవాళ్లు బాయిలర్‌కి పట్టిన మసి తోముకోవడానికి సిద్ధంగా ఉండాలి.

సిలిండర్ ముఖాలకి స్టీమ్ సిలిండర్ ఆయిల్ రెండు చుక్కలు. కుట్టు మిషన్ నూనె పల్చన, ఆవిరికి క్షణాల్లో కొట్టుకుపోతుంది. ముల్లు అర బార్ దాటాక ఆవిరి వదలండి. మొదటి నిమిషం చల్లటి సిలిండర్‌లో ఆవిరంతా నీరై తుప్పర్లు చిమ్ముతుంది, ముఖం దూరంగా పెట్టండి. చక్రాన్ని చేత్తో అటూ ఇటూ పది సార్లు తిప్పి ఆ నీళ్లు కక్కించాలి. సిలిండర్ చేయి పెట్టలేనంత వేడెక్కాక చక్రాన్ని ఒక్కసారి తోయండి. స్పిరిట్ అయ్యేలోగా పది పన్నెండు నిమిషాలు తిరుగుతుంది. మొదటిసారి సేఫ్టీ వాల్వు బుస్సుమన్నప్పుడు గుండె ఝల్లుమంటుంది, టెన్షన్ పడకండి, దాని పని అది చేస్తోంది. గేజి 1.5 దాటినా అది తెరుచుకోకపోతే మాత్రం దీపం తీసేసి దూరం జరగండి. బాయిలర్ మూతల్ని వేడి మీద తాకొద్దు.

ముల్లు సున్నాకి వచ్చి, బాయిలర్ కాస్త చల్లారాక నీళ్ల మూత తెరవండి. మరీ ఆలస్యం చేస్తే లోపల ఆవిరి నీరై శూన్యం ఏర్పడి, సిలిండర్ నూనెని గొట్టంలోంచి వెనక్కి పీల్చేసుకుంటుంది. మిగిలిన నీళ్లు ఒంపి కొలవండి. 60, 70 మి.లీ. మిగిలితే మీ లెక్క సరిపోయినట్టు. 20కి దిగితే వచ్చేసారి స్పిరిట్ తగ్గించండి. మూత తీసే ఉంచి బోర్లించి ఆరబెట్టండి, సిలిండర్ విప్పి రెండు ముఖాలూ గుడ్డతో తుడిచి నూనె రాసి పెట్టండి.